సత్రం గుమ్మంలో మనిషి

క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం. పచ్చని ఆకుల చట్రంలో మూడు ఊదారంగు కొవ్వొత్తులూ ఒక గులాబీరంగు కొవ్వొత్తీ గుచ్చి, మొదటిది వెలిగించారు. పూజ అయ్యాక ఫాదర్‌గారు పీఠం దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఈసారి పశువుల పాకలో మట్టి బొమ్మలే పెడదాం. మేస్త్రి చేస్తాడు," అన్నారు.

నన్నొక మాట అడగలేదు. ఆయన మా విచారణకి, అంటే మా గుడికీ దాని జనానికీ, కొత్త, పైగా కుర్రాడు. పూజ బట్టలు పెట్టే సాక్రిస్టీ గది అలమరలో మా నాన్న చేసిన బొమ్మల పాత ఫోటో చూశారట, ముచ్చట పడ్డారట. ఆ బొమ్మలు ఏమయ్యాయో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. చెప్పాల్సినవాడు ముందు వరుసలో, విచారణ సంఘం అధ్యక్షుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా బావ. మా అక్క మొగుడు.

నేను కాదనబోయాను. అంతలో బావ ముఖం చూశాను. నెత్తురు చుక్క లేదు.

"అలాగే ఫాదర్," అన్నాను.

మా నాన్న తాపీ మేస్త్రి. నేనూ అంతే. నాలుగో తరగతిలో పలక పక్కన పెట్టి తాపీ పట్టుకున్నాను. మా నాన్న ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ గోడలు కట్టేవాడు, ఆగమన కాలం రాగానే మట్టి పిసికేవాడు. బొమ్మలు మోకాలెత్తు ఉండేవి. కాల్చేవాడు కాదు. ఎండలో ఆరబెట్టి రంగు వేసేవాడు, అంతే. "కాలిస్తే ముఖం బిగుసుకుపోతుందిరా, మనిషిలా ఉండదు," అనేవాడు. ఏటేటా పాతవాటికి మెరుగులు దిద్దుతూ ఒకటో రెండో కొత్తవి చేర్చేవాడు. ఆయన పద్ధతి ఒకటుంది. ప్రతి బొమ్మకీ మా విచారణలో మనిషి ముఖమే పెట్టేవాడు. మరియతల్లి భర్త జోజప్పగారికి రొట్టెల దుకాణం ముసలాయన ముఖం. గొర్రెల కాపరికి గంట కొట్టే ఆయన ముఖం. నీళ్ళకుండతో వచ్చే అమ్మాయికి మా అక్క ముఖం. గుడి మెట్ల మీద తాగి పడుకునే వాడొకడుండేవాడు, వాడికి కూడా కిరీటం పెట్టి ముగ్గురు జ్ఞానుల్లో ఒకణ్ణి చేశాడు. వాడు ఆ ఏడు పండుగ దాకా తాగలేదు.

వీపులు మాత్రం పట్టించుకునేవాడు కాదు. తాపీతో ఒక్క గీత గీసి వదిలేసేవాడు. "వీపు ఎవడు చూస్తాడ్రా? పాకలో అందరూ ముందుకే తిరిగి ఉంటారు."

బావ అధ్యక్షుడైన మొదటి ఏడు, పాకకి సున్నం వేయించాలని బొమ్మలన్నీ తీయించి గుడి వెనక, చూరు కూడా లేనిచోట, ఆరుబయట పెట్టించాడు. అప్పటికి రెండు రోజులుగా ఆకాశం నల్లగా ఉంది. గంటాయన చెప్పాడు, "అయ్యా, వానొచ్చేలా ఉంది, లోపల పెట్టిద్దాం" అని. బావ వినిపించుకోలేదు. మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. ఎవరో కబురు చేస్తే మా నాన్న పరిగెత్తాడు. నేను వెళ్ళేసరికి ఆయన చొక్కా విప్పి మరియతల్లి మీద కప్పుతున్నాడు. మరియతల్లికి మా అమ్మ ముఖం ఉండేది. అప్పటికే మా అమ్మ లేదు. నేను చూస్తుండగానే ఆ ముఖం కూడా లేకుండా పోయింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బురద దోసిట్లోకి ఎత్తుతూనే ఉన్నాడు.

బావ గొడుగు వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"వాన పడుతుందని అనుకోలేదు మామగారూ," అన్నాడు.

అదీ ఆయన చెప్పిన సంజాయిషీ. ఆ వారమే ఫైబర్ బొమ్మలు దిగాయి. అంటే ముందే తెప్పించి పెట్టాడన్నమాట. ఆ బొమ్మల్లో మరియతల్లికీ కాపరికీ దేవదూతకీ ఒకటే ముక్కు. మా నాన్న ఆ తడికి మంచం ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు. విభూది బుధవారం రాకముందే పోయాడు. అప్పటినుంచి నేను బావ ఇంటి గుమ్మం తొక్కలేదు. అక్కతో కూడా గుడి మెట్ల దగ్గరే మాట. పాము పగ పన్నెండేళ్ళంటారు. మనిషి పగకి లెక్క ఎవరూ చెప్పలేదు.

మర్నాడే బావ నా రేకుల షెడ్డుకి వచ్చాడు. ఆయన కుర్చీలూ సోఫాలూ అమ్మే షోరూము యజమాని. కూర్చునే చోటు కోసం చుట్టూ చూశాడు. అంతా సున్నమే. చివరికి సిమెంటు బస్తా మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు.

"ఏం బామ్మర్దీ, బాగున్నావా?"

"బతికున్నాను బావా. మీ దయ."

"ఫాదర్ పంపారు. నీకేం కావాలన్నా నన్నే చూడమన్నారు."

"ఏం కావాలి? మట్టి కావాలి. అది గుడి వెనకాలే ఉందిగా. మీరు పోయించిందే."

ఆయన పేపరు అంచు చింపడం మొదలుపెట్టాడు. "అయిపోయిన సంగతి ఎందుకులే."

"అయిపోయింది సంగతి కాదు బావా. మా నాన్న."

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చల్లకొచ్చి ముంత దాచినట్టు అటు చూశాడు, ఇటు చూశాడు.

"ముఖాలు... మామగారు పెట్టినట్టే పెడతావా?"

"పెడతాను."

"మనవాళ్ళవే?"

"మరి పక్క విచారణవాళ్ళవి పెడతానా?"

"అది కాదులే. అందరివీ పెడతావా అని."

"మీకెందుకు బావా అంత భయం?"

నవ్వాడు. నవ్వు సగంలో ఆపేసి, ప్యాంటుకంటిన సున్నం దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఏ గాడిదకో ఎద్దుకో తన ముఖం తగిలిస్తానని హడలిపోయాడనుకున్నాను. ఆ రోజంతా కడుపు నిండినట్టుంది. కానీ గాడిదకి పెడితే జనం నవ్వి మర్చిపోతారు. మర్చిపోకూడదు. ఏడాదికొకసారైనా అందరూ ఆయన్ని చూసి గుర్తు చేసుకోవాలి.

రెండో ఆదివారం ప్రసంగంలో ఉపాయం దొరికింది. "ప్రభువు మార్గం సిద్ధం చేయండి, వంకర దారులు సరిచేయండి" అని చదివి, ఫాదర్ సత్రం సంగతి ఎత్తారు. నిండు చూలాలైన మరియతల్లి గుమ్మంలో నిలబడితే, చోటు లేదని తలుపేసిన వాడొకడున్నాడుగా, అలా మనం ఎవరెవరికి తలుపులు వేశామో ఈ కాలంలో ఆలోచించుకోవాలి అన్నారు. నేను ఆలోచించుకున్నాను. మా నాన్న పాకలో సత్రంవాడు ఎప్పుడూ లేడు. నా పాకలో ఉంటాడు. అరచెయ్యి అడ్డం పెట్టి, తలుపు సగం మూసి, మా బావ ముఖంతో.

మిగతా బొమ్మలకి చెరువు మట్టి తెచ్చాను. ఆ ఒక్కదానికి మాత్రం గుడి వెనక తవ్వాను. మా నాన్న బొమ్మలు కరిగి ఇంకిన చోటే. పారకి ఒక పూస తగిలింది, ఏ జ్ఞానుడి కిరీటానిదో. జేబులో వేసుకున్నాను.

పగలు సంఘంవాళ్ళ హడావిడి. ఆడవాళ్ళు గుడి కడుగుతున్నారు, పాటల బృందం ఒకటే పాటని అరగదీస్తోంది, పేదలకి దుప్పట్లు పోగుచేసేవాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. నేను షెడ్డులో ఇనుప తీగకి గడ్డి చుట్టి, మట్టి మెత్తి, ఒక్కొక్కరినీ నిలబెడుతున్నాను. నీళ్ళకుండ అమ్మాయికి మా నాన్నలాగే అక్క ముఖం పెట్టాను. తడి ఆరకుండా సత్రంవాడి మీద గోనెసంచి కప్పి ఉంచాను. ఎవరైనా వస్తే, "అది ఒంటె, ఇంకా కాళ్ళు రాలేదు" అనేవాణ్ణి.

బావని ఎదురుగా కూర్చోబెట్టుకోవలసిన పని పడలేదు. ఎడమ కంటి రెప్ప కాస్త వాలి ఉంటుంది. ముక్కు పక్కన పెసరగింజంత మచ్చ. మాట్లాడే ముందు కింది పెదవి కొరుక్కుంటాడు, అక్కడ చిన్న గుంట. చెవులు చిన్నవి, తలకి అతికించినట్టుంటాయి. ఇన్నేళ్ళూ గుడిలో వెనక వరుసలోంచి నేను ప్రార్థన చేశానో లేదో గానీ ఆయన్ని మాత్రం చూశాను. కళ్ళు మూసుకుని చేసినా ఆ ముఖం వచ్చేది. మరియతల్లి కోసం మా అమ్మ ముఖం చేయబోతే ఎంతకీ రాలేదు. చివరికి కొంగు కిందికి లాగి సగం కప్పేశాను.

గులాబీ కొవ్వొత్తి వెలిగించిన మూడో ఆదివారం ఫాదర్ షెడ్డు దాకా వచ్చారు.

"మేస్త్రీ, పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి రాలేదే? పండుగ దగ్గరికొచ్చింది."

"చేతులు మట్టిగా ఉన్నాయి ఫాదర్."

"దేవుడికి మట్టి కొత్తేం కాదుగా. మనల్ని చేసింది దాంతోనే."

"ఆయన చేసినవాటికి ఆయన జవాబు చెప్పుకుంటాడు. నేను చేసినవాటికి నేను చెప్పుకుంటాలెండి."

ఆయన గోనెసంచి వైపు చూశారు. "ఒంటె బావుందా?"

"తలపొగరు ఎక్కువ ఫాదర్. మెడ వంచట్లేదు."

నాలుగో ఆదివారం పూజ తర్వాత గుడి పక్క వరండాలో పాక తెర తీశాం. బాలయేసు తొట్టి ఖాళీ. పండుగ పూజలోనే పెడతారు. ఫాదర్ తీర్థం చల్లారో లేదో జనం విరుచుకుపడ్డారు, ఎవరి ముఖం ఎక్కడుందో వెతుక్కోవడానికి.

"ఒసే, నువ్వే! మెడలో ఆ గొలుసు చూడు."

"కాపరి మన గంటాయనే. బొమ్మక్కూడా బట్టతల పెట్టాడే!"

"పెట్టనీ, అక్కడైనా దువ్వెన ఖర్చు లేదు," అన్నాడు గంటాయన.

"మరి ఆ గొర్రె ఎవర్రా?"

"పాటల మాస్టారి గొంతు విన్నాక గొర్రెకి ముఖం కూడా ఎందుకు?"

నవ్వులు. నవ్వులు అలా ఎడమ మూల దాకా వెళ్ళి ఆగిపోయాయి. అక్కడ సత్రం తలుపు. తలుపులో మనిషి, చెయ్యి అడ్డం పెట్టి. ఎవరో ఆడమనిషి "అయ్యో దేవుడా" అంది. ఇంకెవరో కిసుక్కుమన్నారు. అందరూ వెనక్కి తిరిగి బావ కోసం చూశారు. దారి వదిలారు.

ఈ ఘడియ కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ తొట్టిలోకి రాబోయే ఆయనకే తెలియాలి. స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాను.

బావ వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. చూశాడు. తన ముక్కు పక్క మచ్చని తడుముకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసేశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. సిగ్గుతో అనుకుని నా గుండె గంతులేసింది.

"నన్ను పెట్టావా, బామ్మర్దీ?" అన్నాడు.

గొంతులో కోపం లేదు. అక్కని చెయ్యి పట్టి ముందుకి లాక్కొచ్చాడు. "చూశావా? నేనే. కంటి రెప్పతో సహా. నన్ను పెట్టాడు."

నాకు ఒళ్ళు మండింది. "బావా, అదెవరో తెలుసా? చూలాల్ని బయట నిలబెట్టి తలుపేసినవాడు."

"ఎవడైతేనేం లేరా. వీళ్ళందరి మధ్యా ఉన్నానుగా." ఫోను తీసి ఆ బొమ్మ పక్కన వంగి, గంటాయన చేత ఫోటో తీయించుకున్నాడు. జనం కూడా ఊపిరి వదిలారు. "అధ్యక్షులవారిది పెద్ద మనసండీ," అన్నారు. నా కత్తి తీసుకుని ఆయన పండు కోసుకు తిన్నట్టయింది.

అక్క నన్ను పూలకుండీలు పెట్టే గదిలోకి లాక్కెళ్ళింది.

"నీకు తెలీదురా తమ్ముడూ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి ఏడూ మీ బావ పాక తెర తీసిన రోజు అందరికంటే ముందు వెళ్ళి నిలబడేవాడు. ఒక్కో బొమ్మే చూసేవాడు. తాగుబోతుకి కూడా కిరీటం పెట్టాడు నాన్న. అల్లుడికి మాత్రం గొర్రెపిల్లంత చోటు ఇవ్వలేదు."

"నాన్నకి ఆయన నచ్చలేదు. నిన్ను ఏడిపించాడు."

"ఏడిపించాడు. నేను సర్దుకున్నాను. నాన్న సర్దుకోలేదు. ఒక ఏడు ఆయనే నోరు తెరిచి అడిగాడు, అందరి ముందూ. 'నన్నెప్పుడు చేస్తారు మామగారూ' అని. నాన్న ఏమన్నాడో తెలుసా? 'నీకు తగిన మట్టి ఇంకా దొరకలేదు అల్లుడూ' అన్నాడు, నవ్వుతూ. అందరూ నవ్వారు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే."

"అందుకని వానలో పెట్టిస్తాడా?"

"పెట్టించాడు. తప్పే. నాతో కూడా 'తప్పే' అన్నాడు. నీ దగ్గరికి రావడానికి ముఖం చెల్లలేదు."

"నాన్న పోయాడక్కా."

"నాకూ నాన్నే కదరా," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోనీలే. తెలిసి పెట్టావో తెలీక పెట్టావో, ఆయన్ని పాకలో పెట్టావు. ఇవాళ్టితో అయిపోనీ."

జనం వెళ్ళిపోయారు. వరండాలో నేనూ, మట్టి మనుషులూ మిగిలాం. సత్రంవాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పగతో చేసిన ముఖం, ఎంత బాగా కుదిరిందో. ఆ వాలిన రెప్ప, పెదవి కింద గుంట. మా నాన్న కూడా అంత బాగా చేసి ఉండేవాడు కాదు. అదే నా నెత్తిన కొట్టింది. నా చేతులారా బావకి బహుమతి ఇచ్చాను. మా నాన్న బతికున్నంతకాలం పంటి బిగువున ఆపి పెట్టినదాన్ని, ఆయన బొమ్మలు కరిగిపోయిన మట్టితోనే చేసి, పళ్ళెంలో పెట్టి ఇచ్చాను.

అయిపోనీ అంది అక్క. ఎవరికి అయిపోయింది?

పగ ఎలా తీర్చుకోవాలో మా ఇద్దరిలోనూ మా నాన్నకే తెలుసు. చేసి కాదు, చేయకుండా.

పూలగదిలో నేల తుడిచే గుడ్డ ఉంది. బకెట్టులో ముంచి పిండాను. కాల్చని పచ్చిమట్టి కదా, పెద్ద కష్టం లేదు. ముందు మచ్చ పోయింది. తర్వాత ముక్కు. రెప్ప దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పనిమీద మమకారం అంతే, మనిషిమీద కాదు. అది కూడా తుడిచేశాను. చివరికి బొటనవేలితో నున్నగా రాశాను, గోడకి ఆఖరి పూత వేసినట్టు. చెయ్యీ తలుపూ అలాగే ఉంచాను.

పండుగ ముందురోజు మధ్యాహ్నం గుడినిండా జనం. పాటల బృందం ఆఖరి సాధనలో ఉంది. దుప్పట్ల మూటలు వరండాలో పేర్చుతున్నారు. తెర తీసిన నాడే ఆ మూలకి దుప్పట్ల మూట ఒకటి అడ్డంగా పెట్టాను. ఆ తర్వాత అటు ఎవరూ చూడలేదు. నేను తొట్టి కింద గడ్డి సర్దుతున్నాను. బావ వచ్చాడు. పక్కన అక్క. ఇద్దరి మధ్యా బావ వాళ్ళ అమ్మ. ఆవిడకి చూపు ఆనదు, ఇల్లు కదిలి చాలాకాలమైంది. కారులో ఎక్కించుకుని తెచ్చారట.

"ఇటు రా అమ్మా, జాగ్రత్త, మెట్టుంది. నీకు కనబడకపోతేనేం, తడిమి చూడు. అచ్చం నేనే. మా మామగారి కొడుకు చేశాడు."

"మీ మామ ఏనాడూ చెయ్యలేదన్నావుగా?"

"ఆయన చెయ్యలేదు. వీడు చేశాడు."

మూట పక్కకి జరిపి, ఆవిడ చెయ్యి పట్టుకుని బొమ్మ మీద పెట్టాడు. అప్పటికి ఆయన చూపంతా వాళ్ళ అమ్మ మీదే ఉంది. ఆవిడ వేళ్ళు తలపాగా తడిమాయి, చెవి తడిమాయి, ముందుకి వచ్చాయి. అటూ ఇటూ వెతికాయి.

"ఇక్కడేం లేదురా. ముఖమేదీ?"

అప్పుడు చూశాడు. వెనకాల ఉన్నవాళ్ళూ చూశారు. లోపల పాట ఆగింది, ఊరికే, గాలి పీల్చుకోవడానికి.

"ఇంకా ఆరలేదమ్మా," అన్నాడు బావ. ఆవిడ చెయ్యి మెల్లగా తీసి, వేళ్ళకంటిన రంగుపొడి తన చేతిరుమాలుతో తుడిచాడు. ఒక్కో వేలే తుడిచాడు. తర్వాత వరండా పైకప్పు చూశాడు. బయట పొడి నేల మీద ఎండ చూశాడు. నన్ను చూశాడు.

"వాన పడిందా, బామ్మర్దీ?"

ఈ మాటకి జవాబు ఇన్నేళ్ళూ నా నోట్లోనే ఉంది.

"పడుతుందని అనుకోలేదు బావా," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఏదో లెక్క సరిపోయినట్టు ఊపాడు. వాళ్ళ అమ్మని పట్టుకుని మెట్లు దిగాడు. గెలిచాను. కడుపులో చల్లగా, నిండుగా, రాయిలా ఏదో కూర్చుంది. అది సంతోషమే. వేరే పేరు పెట్టను.

అక్క మాత్రం వాళ్ళ వెంట వెళ్ళలేదు. పాకలోకి వంగి, నీళ్ళకుండ పట్టుకున్న అమ్మాయిని, తన ముఖమున్న బొమ్మని, రెండు చేతులా ఎత్తింది. తొట్టి పక్కన నుంచి తీసుకెళ్ళి సత్రం గుమ్మంలో, ఆ ముఖంలేనివాడి పక్కన నిలబెట్టింది. వాడి వైపుకి తిప్పి పెట్టింది. నా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పండుగ రోజులన్నీ ఆ బొమ్మ అలాగే ఉంది, జనానికి వీపు పెట్టి. వచ్చినవాళ్ళందరూ దాన్నే చూశారు. ఆ వీపు నేను సరిగా చెయ్యలేదు. తాపీతో ఒక్క గీత గీసి వదిలేశాను.